రెండు గుట్టలు

మొన్న మాఘమాసంలో యాదగిరిగుట్ట కింద ఒక పెళ్ళికి వెళ్ళాను. అక్షింతలు వేసి బంతిలో కూర్చున్నాక, పక్క విస్తరి ముందున్న పాత మిత్రుడు చెవిలో నెమ్మదిగా అన్నాడు:

"సారూ, మా పిల్ల పెండ్లి ఫలక్‌నుమాల చేద్దామనుకుంటున్న."

నల్లగొండలో ఫలక్‌నుమా అంటే ముందు రైలే గుర్తొస్తుంది. ఈయన అంటున్నది ప్యాలెస్ సంగతి అని తెలియడానికి నాకు అర నిమిషం పట్టింది. గుడి తిరిగి కట్టి 2022 మార్చిలో తెరిచేనాటికి గుట్ట చుట్టూ భూముల ధరలు పెరిగిపోయాయి. ఆయనకు తండ్రినాటి జాగా ఒక్క ముక్క మిగిలింది. దాన్ని అమ్ముతాడట.

వద్దనడానికి నేనెవరిని? ఆ మేడ కథ మాత్రం చెప్పాను.

దాన్ని కట్టించింది నవాబు వికారుల్ ఉమ్రా. పాయిగా వంశం వాడు. నిజాముకు సైన్యం పోషించినందుకు ఆ వంశానికి పెద్ద పెద్ద జాగీర్లుండేవి. పైగా ఆయన ఆరో నిజాము మహబూబ్ అలీఖాన్‌కు స్వయానా బావ, తర్వాత 1901 దాకా దివాను. చార్మినారుకు దక్షిణాన, నాటి పట్నానికి దూరంగా ఉన్న గుట్టమీద 1884లో పునాది వేశాడు. తొమ్మిదేళ్ళు కట్టారు. ఇటలీ పాలరాయి, నూటొక్కమంది ఒకేసారి కూర్చుని తినే బల్ల, పైనుంచి చూస్తే తేలు ఆకారం. ఫలక్‌నుమా అంటే ఆకాశానికి అద్దమని చెబుతారు. మన ప్రబంధకవుల కంటపడితే గగనదర్పణమని పేరు మార్చి, నాలుగు సీసపద్యాలు చెప్పకుండా వదిలేవారు కారు.

ఖర్చు నలభై లక్షలంటారు. ఆనాటి నలభై లక్షలు! అంత జాగీరున్న నవాబూ అప్పుల్లో పడ్డాడని, మేడ నిలుపుకునే దారి కనబడక, భార్య సలహా మీద నిజామును విందుకు పిలిచి, ఆయన మెచ్చుకోగానే "తమ చిత్తం, తమదే" అని సమర్పించుకున్నాడని చెప్పుకుంటారు. నిజామువారు ఊరికే తీసుకోలేదు, సొమ్ము ఇచ్చారట. 1897 ప్రాంతంలో మేడ చేతులు మారింది. నవాబు 1902లో పోయాడు. మహబూబ్ అలీఖాన్ 1911లో కన్నుమూసింది ఆ మేడలోనే.

తర్వాత అది అతిథిగృహమైంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసి వెళ్ళాక, పెద్ద అతిథులెవరూ రాక, తలుపులు మూతబడ్డాయి. యాభై ఏళ్ళ దుమ్ము దులపడానికి తాజ్ హోటలువారికి పదేళ్ళు పట్టింది. 2010 నవంబరులో మళ్ళీ తెరిచారు. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్ళి అక్కడే అయింది. 2017లో ప్రధాని మోదీ విదేశీ అతిథులకు విందు ఇచ్చింది ఆ నూటొక్క కుర్చీల బల్ల దగ్గరే. ఒకనాడు నవాబుగారి పిలుపు లేనిదే గడప దాటలేని చోటు. ఇప్పుడు డబ్బు చెల్లించగలిగితే చాలు, ఒక పూట నవాబుగిరీ మనది. ఇది నాకు తప్పుగా తోచదు. రైతులు కట్టిన శిస్తుతో లేచిన మేడలోకి రైతు మనవడు పెళ్ళికొడుకై వెళ్తే సంతోషించవలసిందే. వెళ్ళడానికి మళ్ళీ ఆ పొలమే అమ్మవలసి రావడం దగ్గర నా మనసు ఆగింది.

ఇదంతా ఎదుటి బంతిలో కూర్చున్న ఆయన భార్య వింటున్నదని నాకు తెలియదు. పప్పు కలుపుతూ తలెత్తకుండానే అంది:

"ఆయనకంటే నిజామసొంటి బామ్మర్ది ఉండె. మా తమ్ముడు మోత్కూరుల కిరాణం నడుపుతడు."

బంతి బంతంతా నవ్వింది. మిత్రుడు నవ్వలేదు. పులిహోర రెండోసారి వడ్డించుకుని, కాసేపటికి, "పెండ్లి సంగతి తర్వాత. మీరు ఒక్కనాడు పట్నమొస్తే కిందికెల్లన్న ఆ మేడ చూసొద్దాం సారూ" అన్నాడు.

వచ్చే ఆదివారం వెళ్తున్నాం. ఆవిడా వస్తానంది.