గ్రామసభలో అడిగే గొంతుకు ఖర్చు ఎవరు భరించాలి?

2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. 2025 జనవరిలో తెలంగాణలో నాలుగు రోజుల పాటు ఊరూరా సభలు పెట్టి రైతు భరోసా, కొత్త రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ల జాబితాలు చదివి వినిపించారు. జాబితాలో మా పేరు ఎందుకు లేదని చాలాచోట్ల జనం అధికారులను నిలదీశారు. ఈ రెండు సందర్భాలూ ఒక సంగతి చెబుతున్నాయి. పిలిస్తే జనం వస్తారు. తమ బతుకుకు సంబంధించిన మాట అక్కడ వినబడుతుందంటే కూలి మానుకునైనా వస్తారు.

మరి మిగతా రోజుల మాటేమిటి? ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘంలో ఒకరిద్దరిని అడిగి చూడండి. మన ఊళ్లో చివరి గ్రామసభ ఎప్పుడు జరిగింది, అందులో ఏ తీర్మానం చేశారు అంటే చెప్పగలిగేవారు ఎందరుంటారు? చాలా ఊళ్లలో సభ జరిగిందన్న సంగతి రిజిస్టరు పట్టుకుని సంతకానికి ఇంటికి వచ్చినప్పుడే తెలుస్తుంది. తీర్మానం అప్పటికే రాసి ఉంటుంది. వేలిముద్ర వేయడం ఒక్కటే మిగిలి ఉంటుంది.

చట్టంలో లోటు లేదు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారి సభ పెట్టాలంటుంది. డబ్బూ తక్కువేమీ కాదు. 2021-26 కాలానికి దేశంలోని గ్రామీణ స్థానిక సంస్థలకు 15వ ఆర్థిక సంఘం 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కేటాయించినదే. మన విశ్వాసుల్లో ఎక్కువమంది ఉండేది ఊరి చివరి కాలనీల్లో. కుళాయి చివరగా వచ్చేది, మురుగు కాలువ ముందుగా పొంగేది అక్కడే. కాబట్టి ఈ డబ్బు ఎటు పోతుందన్నది మనకు దూరపు రాజకీయం కాదు.

సభకు ముందు, సభ తర్వాత

చట్టం ఉంది, నిధులు ఉన్నాయి. సభలో ఒక మనిషి లేచి సరైన ప్రశ్న అడగడానికి వెనుక జరగవలసిన పని మాత్రం చాలాచోట్ల జరగడం లేదు. కాలనీలో కాలువ కట్టారనుకుందాం. ఎంత పొడవుకు అంచనా వేశారు, ఎంతకు బిల్లు పెట్టారు, నిజంగా ఎంత కట్టారు అన్నది తేలాలంటే ముందు కాగితాలు సంపాదించాలి. సమాచార హక్కు కింద అర్జీ రాయాలి. వచ్చిన నకళ్లను చదువు రాని వారికి చదివి వినిపించాలి. టేపు పట్టుకుని కాలువ కొలవాలి. సభలో మాట్లాడిన వితంతువును మర్నాడు ఎవరూ బెదిరించకుండా పక్కన నిలబడాలి. తీర్మానం అయ్యాక అది అమలైందో లేదో తెలుసుకోవడానికి మండల కార్యాలయానికి పదిసార్లు తిరగాలి.

అర్జీకి అయ్యే ఖర్చు తక్కువే. పోయిన కూలి, బస్సు చార్జీలు, జిరాక్సులు, నెలల తరబడి వెంటపడే ఒక మనిషి జీవనం, ఇవే అసలు ఖర్చు. రోజు కూలి మీద బతికే మనిషి ఈ పని ఉచితంగా ఎన్నాళ్లు చేయగలడు? పౌర సంస్థలు చేసేది ఈ పనే. దీనికి డబ్బు కావాలని ఒప్పుకోవడానికి మనం మొహమాటపడతాం. ఆ మొహమాటం వల్ల ఈ పని తీరిక ఉన్నవారికీ పార్టీల వెంట తిరిగేవారికీ వదిలేసినట్టవుతుంది.

అయితే డబ్బు ఎవరిదన్నది చిన్న ప్రశ్న కాదు. ఎవరు జీతం ఇస్తారో వారికే జవాబు చెప్పుకునే అలవాటు ఏ సంస్థకైనా వస్తుంది. మన దేశంలో ఇప్పటివరకు ఈ ఖర్చు మూడు దారుల్లో వచ్చింది. మూడింటినీ చూద్దాం.

ప్రభుత్వం ఇచ్చినప్పుడు

మొదటిది ప్రభుత్వమే ఇవ్వడం. ఇందులో తెలుగు నేల దేశానికి దారి చూపింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనుల సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లోనే ఆ పని మొదలుపెట్టి, 2009లో దానికోసం ప్రత్యేకంగా ఒక సొసైటీని రిజిస్టరు చేయించింది. పథకం ఖర్చులో అర శాతం ఆ తనిఖీకి కేటాయించారు. కూలీల కుటుంబాల్లోని చదువుకున్న యువతీ యువకులకు శిక్షణ ఇచ్చి పంపారు. వారు మస్టరు రోళ్లు చేతపట్టుకుని ఇంటింటికీ వెళ్లి, నువ్వు ఇన్ని రోజులు పని చేశావా, ఇంత డబ్బు నీకు అందిందా అని అడిగారు. చనిపోయినవారి పేర్లతో వేసిన హాజర్లు బయటపడ్డాయి. చివరికి మండల ప్రజావేదికలో అందరి ముందు ఆ లెక్కలు చదివారు. చేతిలో కాగితం ఉంటే కూలి మనిషి అధికారి ముందు నిలబడి మాట్లాడగలడని ఆ వేదికలు రుజువు చేశాయి.

దాని పరిమితులూ అక్కడే తేలాయి. తనిఖీలో బయటపడ్డ సొమ్ములో తిరిగి ఖజానాకు చేరింది కొద్ది భాగమే. తప్పు కనిపెట్టే అధికారం ఒకరిది, శిక్షించే అధికారం ఇంకొకరిది కావడం దానికి ఒక కారణం. తనిఖీకి రావలసిన నిధులు కేంద్రం నుంచి ఆలస్యమైనప్పుడు కొన్ని రాష్ట్రాల్లో సిబ్బందికి జీతాలే నిలిచిపోయాయి. ప్రశ్న అడిగే వాడి జీతం, జవాబు చెప్పవలసిన వాడి చేతి మీదుగా రావడంలోని చిక్కు ఇదే.

2019లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన వాలంటీర్ల వ్యవస్థను కూడా ఈ కోణంలోనే చూడాలి. 50 ఇళ్లకు ఒకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనంతో వారిని పెట్టారు. పింఛను గడపకు వచ్చింది, ముసలివారికి అది నిజమైన మేలు. కానీ ప్రభుత్వ సేవను మోసుకొచ్చే మనిషి ప్రభుత్వాన్ని ప్రశ్నించే మనిషి కాలేడు. ఆ రెండు పనులూ వేరు.

విదేశీ విరాళం వచ్చినప్పుడు

రెండో దారి విదేశీ విరాళాలు. దీని సంగతి మన సంఘాలకు వేరే చెప్పనక్కర్లేదు. మన ఆసుపత్రులు, బడులు, హాస్టళ్లు ఎన్నో ఆ సాయంతో లేచినవే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని 2020 సెప్టెంబరులో సవరించారు. ఒక సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదన్నారు. పాలనా ఖర్చు 50 శాతం దాకా పెట్టుకునే వీలును 20 శాతానికి తగ్గించారు. ఆ విరాళాలన్నీ ముందుగా ఢిల్లీలోని ఒక స్టేట్ బ్యాంకు శాఖలోకే రావాలన్నారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది.

విదేశీ డబ్బుకు లెక్క ఉండాలన్న మాటతో పేచీ లేదు. బయటి సొమ్ము మన ఎన్నికలను, మన నిర్ణయాలను తిప్పకూడదన్న ఆందోళనలోనూ న్యాయం ఉంది. కానీ ఆ నిబంధనల బరువు ఎక్కువగా పడింది చిన్నవారి మీదే. నగరంలోని పెద్ద సంస్థకు లెక్కల నిపుణులు, న్యాయవాదులు ఉంటారు. దాని నుంచి కొంత సాయం అందుకుని మండలంలో పనిచేసే చిన్న సంస్థకు ఆ కాలువ మూసుకుపోయింది. దేశంలోని కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఆ లోటు పూడుస్తాయా అంటే, 2013 కంపెనీల చట్టంలోని జాబితాలో విద్య, ఆరోగ్యం, గ్రామీణాభివృద్ధి వంటివి ఉన్నాయి గానీ గ్రామసభలో ప్రశ్న అడిగే పని పేరు పెట్టి చెప్పలేదు. కంపెనీలు కూడా బడి గదికి ఇచ్చినంత సులువుగా లెక్కలడిగే వారికి ఇవ్వవు. గది ముందు ఫోటో దిగవచ్చు, అడిగిన ప్రశ్న ముందు దిగలేరు కదా.

ఇంకో నిజం కూడా మనం ఒప్పుకోవాలి. దూరపు దాత డబ్బుతో నడిచిన సంస్థలు కొన్ని ఊరికి కాకుండా దాతకే నివేదికలు రాసుకుంటూ గడిపాయి. మూడేళ్ల ప్రాజెక్టు ముగిసిన రోజున ఆఫీసు మూతపడింది. ఊళ్లో మహిళల కమిటీ పేరు బోర్డు మీద మాత్రమే మిగిలింది.

సొంత జనం ఇచ్చినప్పుడు

మూడో దారి కష్టమైనది, ఎక్కువ కాలం నిలిచినది. 1990 మే 1న రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పుట్టింది. అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ ఒక పల్లెలో మట్టింట్లో ఉంటూ కూలీలతో కలిసి దాన్ని కట్టారు. విదేశీ నిధులు వద్దనుకున్నారు. 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే ఊళ్లో మొదటి బహిరంగ విచారణ పెట్టి, పంచాయతీ బిల్లులను ఊరి ముందు చదివారు. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులు ధర్నా చేసినప్పుడు చుట్టుపక్కల పల్లెలు ధాన్యం, చిన్న దుకాణదారులు కూరగాయలు, డబ్బు ఇచ్చి నిలబెట్టారు. మా డబ్బు, మా లెక్క అన్న వారి నినాదమే 2005 సమాచార హక్కు చట్టానికి బాట వేసింది. ఆ సంస్థలో పనిచేసిన సౌమ్య కిడాంబి తర్వాత మన రాష్ట్రపు సామాజిక తనిఖీ సొసైటీని నడిపారు. రాజస్థాన్ కూలీలు వేసిన విత్తనం మన మండల ప్రజావేదికల్లో మొలిచిందన్నమాట.

కేరళలో 1962లో పుట్టిన శాస్త్ర సాహిత్య పరిషత్తు పుస్తకాలు అమ్మి పని నడుపుకుంది. 1996లో ఆ రాష్ట్రం ప్రణాళిక నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు అప్పగించినప్పుడు, గ్రామసభలను నడిపించగల మనుషులు అప్పటికే ఆ పరిషత్తులో తయారై ఉన్నారు. అధికారం చేతికి రావడానికి ముందే మనుషుల మీద ఖర్చు పెట్టినందువల్ల ఆ అధికారం వృథా పోలేదు.

ఈ మూడు దారులను పక్కపక్కన పెట్టి చూస్తే మాకు తోచేది ఇది. ప్రభుత్వ నిధి కావాలి, అయితే అది చట్టంతో కట్టుదిట్టమై, అధికారి దయ మీద ఆధారపడకుండా రావాలి. బయటి సాయం శిక్షణకు, పుస్తకాలకు పనికొస్తుంది. కానీ ఊళ్లో నిలబడి అడిగే మనిషిని పోషించవలసింది ఆ చుట్టుపక్కల జనమే. చిన్న మొత్తమైనా సరే, పదిమంది చేతుల నుంచి వచ్చినది కావాలి. అప్పుడే అతను ఆ పదిమందికి జవాబు చెబుతాడు.

సంఘం ఏం చేయవచ్చు

ఆ పదిమందిలో మన సంఘాలు ఎందుకు ఉండకూడదు? ఆది సంఘంలో రోజువారీ పంపకంలో తమ విధవరాండ్రను చిన్నచూపు చూస్తున్నారని గ్రీకు భాష మాట్లాడేవారు సణిగినప్పుడు అపొస్తలులు వారి నోరు మూయించలేదు. అందరినీ సమకూర్చి, మీలోనుంచి మంచి పేరున్న ఏడుగురిని మీరే ఎన్నుకోండి అన్నారు. ఫిర్యాదు వినడం, పంపకాన్ని సరిదిద్దడం, ఆ పనికి నమ్మకమైన మనుషులను పెట్టడం, ఇవన్నీ అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలోనే ఉన్నాయి. రేషను పంపకం గురించి అడిగితే లోకసంబంధమైన పని అనేవారు ఆ అధ్యాయాన్ని మరోసారి చదవాలి.

చేయదగినవి చిన్నవే. నెలకు ఒక ఆదివారపు కానుకలో కొంత భాగాన్ని మండలంలో నమ్మకంగా పనిచేసే పౌర సంస్థకు, లేదా ఊరి యువతలో శిక్షణ పొందిన ఒకరిద్దరికి కేటాయించవచ్చు. నాలుగైదు సంఘాలు కలిస్తే ఒక మనిషి జీవనానికి సరిపోతుంది. గ్రామసభ తేదీని ఆరాధనలో ప్రకటనలతో పాటు చెప్పవచ్చు. సభకు ముందు రాత్రి తీర్మానాల కాగితం చదివి వినిపించడానికి మందిరపు వరండాను ఇవ్వవచ్చు.

కానీ మూడు షరతులు తప్పనిసరి. ఈ సాయం మన విశ్వాసులకే పరిమితం కాకూడదు. కాలువ అందరి ఇళ్ల ముందూ పారుతుంది కాబట్టి ఆ పనిలో అన్ని మతాల వారూ, అన్ని కులాల వారూ ఉండాలి. అందులో మతబోధ కలపకూడదు. రెండోది, ఆ డబ్బుతో పనిచేసేవారు ఎన్నికల్లో ఏ పార్టీ జెండా మోయకూడదు. సర్పంచు మన సంఘ పెద్దే అయినా లెక్క అడగడం ఆగకూడదు.

మూడోది మనకే కష్టమైనది. పంచాయతీని లెక్క అడిగే సంఘం ముందు తన కానుకల లెక్కను విశ్వాసుల ముందు చదవాలి. యెరూషలేము పరిశుద్ధుల కోసం చందా పోగుచేసినప్పుడు పౌలు దాన్ని ఒంటరిగా మోసుకెళ్లలేదు. ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి వెంట పెట్టుకున్నాడు. రెండవ కొరింథీ పత్రిక 8వ అధ్యాయంలోని ఆ జాగ్రత్త మనలో ఎన్ని సంఘాల్లో ఉంది? కానుక పెట్టె తాళం, లెక్కల పుస్తకం, బ్యాంకు సంతకం మూడూ ఒకే ఇంట్లో ఉంటే గ్రామసభలో మన మాటకు విలువ ఉండదు.

తెలంగాణ పంచాయతీలు 2024 ఫిబ్రవరి నుంచి 2025 డిసెంబరు ఎన్నికల దాకా ప్రత్యేకాధికారుల కింద నడిచాయి. అడగడానికి సర్పంచు కూడా లేని ఆ కాలంలో కాలనీల్లో చెత్త, నీళ్ల కష్టాలు ఎలా పెరిగాయో అక్కడివారికి తెలుసు. ఇప్పుడు ఎన్నికైనవారు వచ్చారు. వారిని ఐదేళ్లకోసారి ఓటుతో మాత్రమే కాక, రెండు నెలలకోసారి ప్రశ్నతో పలకరించాలి. ఆ ప్రశ్న సిద్ధం చేసే మనిషికి ఈ నెల బస్సు చార్జీ ఎవరిస్తారన్నది వచ్చే సంఘ కమిటీ సమావేశంలో మాట్లాడుకోండి. అంతకు ముందు మీ సంఘం లెక్కల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టండి.