మీటింగు ఎక్కడో వెదకడం రోగి ఒక్కడి పని కాదు



తాగుడు జబ్బుతో ఆసుపత్రిలో చేరినవారు చాలామంది కొద్ది రోజుల్లోనే తేరుకుంటారు. చేతుల వణుకు తగ్గుతుంది, అన్నం సయిస్తుంది, నిద్ర పడుతుంది. ఇక మానేసినట్టేనని ఇంటివారు దేవునికి స్తోత్రాలు చెల్లిస్తారు. కానీ ఒంట్లోంచి మద్యం పోవడం వేరు, మద్యం లేకుండా బ్రతకడం వేరు. మొదటిదానికి వార్డు చాలు. రెండవదానికి అదే బాధపడి బయటపడిన తోటివారు కావాలి. అలాంటివారు కలుసుకునే చోటే ఆల్కహాలిక్స్ అనానిమస్, అంటే ఏ.ఏ. మీటింగు.

ఆ మీటింగు ఎక్కడ జరుగుతుందో వెదికే భారం రోగి మీదే వదిలేయకూడదని మా అభిప్రాయం. ఇంటికి వెళ్ళిన మనిషి సిగ్గుతో ఉంటాడు. నలుగురినీ అడిగి తెలుసుకునే ధైర్యం ఉండదు. సాయంత్రమయ్యేసరికి పాత స్నేహితులు ఎదురవుతారు. మీటింగు అడ్రసు తెలియదు గానీ దుకాణం అడ్రసు బాగా తెలుసు.

ఏ.ఏ. పుట్టిన విధం చూడండి. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి పని మీద అమెరికాలోని ఆక్రన్ పట్టణానికి వెళ్ళాడు. అప్పటికి తాగుడు మాని కొన్ని నెలలే అయింది. వెళ్ళిన పని చెడిపోయింది, మనసు మళ్ళీ మద్యం వైపు లాగింది. హోటల్లో కనబడిన చర్చిల జాబితా చూసి ఒక పాస్టరుగారికి ఫోను చేశాడు. తనలాంటి మరో తాగుబోతుతో మాట్లాడాలని అడిగాడు. ఆ ఫోను వల్లే చివరకు డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను కలిశాడు. ఆయనా తాగుడుకు బానిసే. అదే సంవత్సరం జూన్ 10ని ఏ.ఏ. పుట్టినరోజుగా పాటిస్తారు. 1939లో ఆ ఊరి సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియా ఇలాంటి రోగులకు మంచాలు ఇప్పించింది. ఆ పాస్టరుగారు "ఆదివారం ఆరాధనకు రా, చూద్దాం" అని ఫోను పెట్టేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

"ప్రార్థన చాలదా?" అని కొందరు విశ్వాసులు అడుగుతారు. షుగరు రోగి కోసం ప్రార్థిస్తాం, ఇన్సులిన్ మానమని చెప్పం. ఇదీ అంతే. 27 అధ్యయనాలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష 2020లో వెలువడింది. పూర్తిగా మద్యానికి దూరంగా ఉండడంలో ఏ.ఏ., దానికి దారిచూపే చికిత్స ఇతర పద్ధతులకు తీసిపోవని, కొన్నిటికంటే మెరుగని అందులో తేలింది.

మీటింగుకు ఫీజు లేదు. తాగుడు మానాలన్న కోరిక ఉంటే చాలు. పేరు ఒక్కటి చెబితే సరిపోతుంది, ఇంటిపేరు, ఉద్యోగం ఎవరూ అడగరు. ఏ మతంవారైనా రావచ్చు. అందరికీ తెరిచిన మీటింగులకు ఇంటివారూ వెళ్ళవచ్చు. భార్యాపిల్లల కోసం 1951లో మొదలైన ఆల్-అనాన్ వేరుగా ఉంది.

ఒక హెచ్చరిక: రోజూ బాగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు రోజుల్లో ఫిట్సు, మతిభ్రమ రావచ్చు. ప్రాణం మీదకు రావచ్చు. అలాంటివారు ముందు డాక్టరును కలవాలి, తరువాతే మీటింగు.

ఇక ఎవరేం చేయాలి? ఆసుపత్రివారు డిశ్చార్జి చీటీ మీదే దగ్గరలోని మీటింగు చోటు, రోజు, వేళ రాసి ఇవ్వాలి. వీలైతే ఏ.ఏ. సభ్యుడొకరిని ముందే వార్డుకు పిలిచి రోగితో మాట్లాడించాలి. ఇంటివారు మొదటి రోజు గుమ్మందాకానైనా తోడు వెళ్ళాలి. ఒక మీటింగు నచ్చకపోతే మరొకటి చూడాలి. మళ్ళీ తాగినా అక్కడ తలుపు మూయరు, ఇంట్లోనూ మూయకండి. ఊళ్ళో మీటింగు లేకపోతే ఫోనులో, ఇంటర్నెట్‌లో జరిగేవి ఉన్నాయి. వ్యసన విముక్తి సలహాకు 14446కు, మానసిక సహాయానికి టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోను చేయవచ్చు.

సంఘాలకు మా మనవి: వారానికి ఒక సాయంత్రం చర్చి ఆవరణలో ఒక గది ఇవ్వండి. ఏ.ఏ. వారు బయటివారి చందాలు తీసుకోరు కాబట్టి కొద్దిపాటి అద్దె పుచ్చుకోండి. దానిని ప్రార్థన కూటంగా మార్చబోకండి. ఎవరెవరు వచ్చారని వాకబు చేయకండి. లోపల విన్న సంగతి వీధిలో పాకితే రెండో వారం ఎవరూ రారు.

మన బల్లల మీద మన పక్కనే కూర్చునే కుటుంబాలలో ఈ బాధ ఉంది. వారు నోరు విప్పి అడిగేదాకా ఆగకుండా, రాబోయే సంఘ కమిటీలో ఈ గది విషయం ఎత్తండి. పాస్టరుగారి బల్ల మీద మీటింగు వివరాలున్న కాగితం ఒకటి ఉంచండి. రేపు ఎవరైనా వణికే గొంతుతో ఫోను చేస్తే, జవాబు సిద్ధంగా ఉండాలి.