గుండె పరీక్షలలో ఏది మేలు?

మెట్లెక్కుతుంటే రొమ్ము పట్టేసినట్లుంటుంది. కాసేపు నిలబడితే సర్దుకుంటుంది. ఏభై దాటినవారున్న ఇళ్లలో ఈ మాట తరచు వినపడేదే. డాక్టరుగారి దగ్గరికి పోతే ఇ.సి.జి. తీసి, ట్రెడ్‌మిల్ మీద నడిపించి, అప్పటికీ సందేహం తీరకపోతే థాలియం పరీక్షకు చీటీ వ్రాసి ఇస్తారు. ఇక ఇంట్లో తర్జనభర్జన మొదలు. థాలియం విషం గదా అని ఒకరు, అణుశక్తిని ఒంట్లోకి ఎక్కిస్తారట అని ఒకరు, దానికన్న పెట్ స్కాన్ మేలట అని మరొకరు. ఈ సందడిలో పరీక్షకు వెళ్లవలసిన మనిషి వెళ్లకుండా ఊరుకుంటాడు. అందుచేత ఈ మాసం ఆ సంగతి విచారిద్దాం.

కండలేరు నుంచి తెలుగుగంగ నీళ్లు మన ఊత్తుకోట ప్రక్కనే తమిళనాడులో ప్రవేశించి పూండి జలాశయానికి పోతాయని అందరికీ తెలుసు. 1996లో తొలిసారి వచ్చాయి. కాలువగట్టు మీద నడిస్తే అది ఎక్కడ పూడిందో కనబడుతుంది. కాని పూండికి చేరిన నీరెంతో తెలియాలంటే పూండిలోనే కొలవాలి. ఆంజియోగ్రాం గట్టు మీద నడక వంటిది. గుండెకు రక్తం తెచ్చే నాళాలలో అడ్డెక్కడుందో చూపుతుంది. అణువైద్య పరీక్ష చివర నిలబడి కొలవడం వంటిది; గుండె కండకు రక్తం చేరుతున్నదో లేదో చెబుతుంది. రెండూ వేరువేరు ప్రశ్నలకు జవాబులు.

ఇందులో ఒక కిటుకున్నది. అమెరికాలో లాన్స్ గౌల్డ్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కుక్కల మీద పరిశోధన చేసి 1974లో ప్రకటించారు. నాళం వ్యాసంలో సుమారు సగం పూడేసరికే, రక్తం ఎక్కువగా కావలసిన వేళ ప్రవాహం తగ్గడం మొదలవుతుంది. విశ్రాంతిగా వున్నప్పుడు మాత్రం నూటికి 85 పాళ్లు పూడేదాకా తగ్గదు. కూర్చున్న మనిషికి ఇ.సి.జి. బాగుండి, మెట్లెక్కితే నొప్పి రావడానికి కారణమిదే. అందుకే ఈ పరీక్షలో రెండు చిత్రాలు తీస్తారు: శ్రమపెట్టి ఒకటి, విశ్రాంతిలో ఒకటి. శ్రమలో వెలితి కనబడి విశ్రాంతిలో పూడితే ఆ కండ బతికే వున్నది, రక్తం చాలడంలేదని అర్థం. రెండింటిలోనూ వెలితి వుంటే అక్కడ సాధారణంగా పాత మచ్చ వున్నదన్నమాట.

ఇక మందుల సంగతి. థాలియం విషమన్న మాట నిజమే; కాని పరీక్షకు ఎక్కించేది విషప్రభావానికి ఏమాత్రం చాలని లేశం. బతికివున్న గుండె కండ దానిని పొటాషియం అనుకొని లోపలికి తీసుకుంటుంది. దాని చిక్కు మరొకటి: దాని కిరణశక్తి సగానికి తగ్గడానికి 73 గంటలు పడుతుంది. దాని స్థానంలో వచ్చినది టెక్నీషియం. దీనికి ఆరు గంటలు చాలు. ఒక రోజు గడిచేసరికి పదహారోవంతు మిగులుతుంది. చీటీలో థాలియం అని వున్నా నేడు చాలాచోట్ల ఎక్కించేది టెక్నీషియమే. పాత పేరు నాలుకల మీద నిలిచిపోయింది. దీనిని మాలిబ్డినం వున్న చిన్న పాత్ర నుంచి, ఆవును పితికినట్లు, రోజూ తీస్తారు. ఆ పనివారు పాత్రను ఆవు అనే అంటారు. ఒంట్లో నుంచి వచ్చే కిరణాలను చుట్టూ తిరిగే కెమెరా పట్టుకుంటుంది. దీనిపేరు స్పెక్ట్.

స్పెక్ట్‌కు రెండు లోపాలున్నవి. ఆడవారికి స్తనాల నీడ గుండె ముందుభాగం మీద, మగవారికి ఉదరవితానపు నీడ క్రిందిభాగం మీద పడి, లేని జబ్బు వున్నట్లు కనబడవచ్చు. రెండోది మరీ ముఖ్యం. ఈ చిత్రం ఒక భాగాన్ని మరొక భాగంతో పోల్చి చెబుతుంది. మూడు నాళాలూ సమానంగా పూడితే అన్ని భాగాలూ ఒకే తీరుగా కనబడి, పెద్దజబ్బే చిన్నదిగా తోచవచ్చు.

పెట్ పరీక్ష ఈ రెంటినీ చాలవరకు దిద్దుతుంది. నీడలను లెక్కకట్టి సవరిస్తుంది. ఒక్కొక్క గ్రాము కండకు నిమిషానికెంత రక్తం అందుతున్నదో కొలిచి చెబుతుంది. ఇబ్బంది మందులతోనే. రుబీడియం 75 సెకండ్లలో సగమైపోతుంది. దాని పాత్ర ఖరీదైనది. అమోనియా మందు పది నిమిషాలలో సగమవుతుంది. తయారుచేసే సైక్లోట్రాన్ ప్రక్కనే వుండాలి. 2024లో అమెరికా అనుమతించిన ఫ్లూర్‌పిరిడాజ్‌కు 110 నిమిషాల వ్యవధి వున్నందున దూరం నుంచి తెచ్చుకోవచ్చు.

కిరణాల భయానికి లెక్క ఇది. ప్రకృతి నుంచి ప్రతి మనిషికీ ఏటా సగటున 2.4 మిల్లీసీవర్ట్లు తగులుతూనే వుంటుంది. టెక్నీషియం పరీక్షలో సుమారు పది, థాలియంలో అంతకన్న ఎక్కువ, రుబీడియం, అమోనియా పెట్‌లలో రెండు నుంచి నాలుగు. అవసరమున్నచోట ఇది భయపడవలసిన మోతాదు కాదు. అవసరం లేకుండా ఏటేటా చేయించుకోవలసినదీ కాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందే చెప్పాలి.

అయితే ఏది మేలు? మామూలు శరీరం, నడవగల కాళ్లు వున్నవారికి స్పెక్ట్ చాలు. స్థూలకాయులకు, స్పెక్ట్‌లో సందేహం మిగిలినవారికి, మూడు నాళాల జబ్బు అనుమానమున్నవారికి పెట్ మేలు, దొరికితే. మన ప్రాంతానికి అందుబాటులో తిరుపతి స్విమ్స్‌లోనూ, వేలూరు సి.ఎం.సి.లోనూ అణువైద్య విభాగాలున్నవి. మందు వున్నదో లేదో కనుక్కొని బయలుదేరాలి.

మోకాళ్ల నొప్పులవారికి నడకకు బదులు నాళాలను విప్పార్చే సూది వేస్తారు. కాఫీ, టీ దాని పనిని చెడగొడతాయి. మన ఇళ్లలో ప్రొద్దున్నే డికాషన్ దిగనిదే పని సాగదు గదా! డాక్టరు చెప్పినన్ని గంటలు, సాధారణంగా 12 నుంచి 24, మానాలి. ఉబ్బసమున్నవారు తప్పక చెప్పాలి.

పరీక్షలో వెలితి కనబడగానే స్టెంటుకు పరుగెత్తనక్కరలేదు. ఇస్కీమియా అనే పేరుతో 37 దేశాలలో 5,179 మంది మీద జరిగిన పరిశోధన ఫలితాలు 2020లో వెలువడినవి. నిలకడగా వున్న జబ్బులో, ఎడమ ప్రధాన నాళం బాగున్నవారిలో, స్టెంటు లేక ఆపరేషను ముందే చేసినా, మందులతో మొదలుపెట్టినా, మొత్తం మీద మరణాలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తరచు నొప్పి వచ్చేవారికి మాత్రం స్టెంటుతో, ఆపరేషనుతో ఉపశమనం ఎక్కువగా కలిగింది. కనుక మా మనిషికి నొప్పి ఎంత, మందులు చాలునా అని నిదానంగా అడగవచ్చు.

ఈ నిదానమంతా నడిస్తే వచ్చి, నిలబడితే పోయే నొప్పికే. కూర్చున్నా తగ్గక, చెమటలు పట్టి, దవడకో ఎడమచేతికో ప్రాకే నొప్పి వస్తే స్పెక్టూ వద్దు, పెట్టూ వద్దు; వెంటనే 108కి ఫోను చేసి ఆస్పత్రికి చేర్చాలి. అక్కడ ప్రతి నిమిషమూ గుండె కండతో సమానం.

వచ్చే మాసం రక్తపోటును గూర్చి.