సగం కాపో, పూర్తి గౌరవం

— ఫైనలియర్ బి.యస్సీ. విద్యార్థి

గిటారు పట్టుకున్న విద్యార్థుల్లో ఒక వాదం బాగా చెలామణీ అవుతోంది. తీగల శ్రుతి మార్చి వాయించేవాడే అసలైన గిటారిస్టనీ, గిటారు మెడకు కాపో తగిలించేవాడు దొడ్డిదారిన వచ్చినవాడనీ ఆ వాదం సారాంశం. ఆరు తీగల్నీ కలిపి నొక్కే మామూలు కాపోనే చిన్నచూపు చూసేవాళ్ళు, మూడు తీగల్ని నొక్కి మూడింటిని వదిలేసే సగం కాపోను చూస్తే ఊరుకుంటారా? నవ్వుతారు. ఆ నవ్వుకు జవాబు చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

సంగీతంతో మాకేం పని అని పేజీ తిప్పెయ్యకండి. ఇందులో సగం ఫిజిక్సు, పావు సంగీతం, మిగిలిన పావు మన హాస్టలు బతుకు.

ముందు సంగతేమిటో చూద్దాం. గిటారుకు ఆరు తీగలు. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ అని వాటి శ్రుతి. లావు తీగను మన సా అనుకుంటే మిగతావి వరసగా శుద్ధ మధ్యమం, కైశికి నిషాదం, సాధారణ గాంధారం, పంచమం, మళ్ళీ సా అవుతాయి. ఎడమచెయ్యి పెట్టకుండా ఉత్త తీగల్ని మీటితే వినటానికి ఏమంత పొందికగా ఉండదు. తంబురాలాగా సా, పాలు వెనక నిండుగా మోగుతుంటే పైన పాట నడిపించాలని ఎవరికైనా ఆశ పుడుతుంది. దానికి రెండు దారులున్నాయి.

మొదటి దారి బిరడాలు తిప్పటం. 1960ల మొదట్లో డేవీ గ్రాహం అనే బ్రిటిష్ గిటారిస్టు మొరాకో వెళ్ళి, అక్కడి ఊద్ వాద్యం వాయించేవాళ్ళతో కలిసి వాయించటానికి వీలుగా ఒక శ్రుతి కుదుర్చుకున్నాడు. లావు తీగనూ, చివరి రెండు సన్న తీగలనూ రెండేసి స్వరస్థానాలు కిందికి దించాడు. అప్పుడు తీగలు డి, ఎ, డి, జి, ఎ, డి అయ్యాయి. ఆ అక్షరాలన్నీ కలిపి దానికి డాడ్‌గాడ్ అని పేరొచ్చింది. మన భాషలో చెప్పాలంటే సా-పా-సా-మా-పా-సా. అందులో గాంధారం లేదు గనుక అది మేజరూ కాదు, మైనరూ కాదు. తంబురా అలవాటైన మన చెవికి ఇట్టే నచ్చుతుంది.

రెండో దారి సగం కాపో. బిరడాల జోలికి పోకుండా, రెండో మెట్టు దగ్గర మధ్యనున్న మూడు తీగల్ని మాత్రమే నొక్కి పట్టే చిన్న బిగింపు. అటు లావు తీగ, ఇటు చివరి రెండు తీగలు స్వేచ్ఛగా ఉంటాయి. అప్పుడు ఉత్త తీగలు ఇ, బి, ఇ, ఎ, బి, ఇ అని మోగుతాయి. ఇదీ సా-పా-సా-మా-పా-సాయే! డాడ్‌గాడ్ కన్నా రెండు స్వరస్థానాల పైన, అంతే తేడా.

"అయితే రెండూ ఒకటేగా, ఇక తగువెందుకు?" అంటారేమో. ఒకటి కావు. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

ఇంటర్మీడియట్ లాబులో సోనామీటరు ముందు నిలబడ్డవాళ్ళందరికీ ఇది తెలిసిన విషయమే. తీగ పౌనఃపున్యం మార్చాలంటే బరువులు మార్చి బిగువు మార్చాలి, లేదా బ్రిడ్జి జరిపి పొడవు మార్చాలి. బిరడా తిప్పటమంటే బరువులు మార్చటం. కాపో పెట్టటమంటే బ్రిడ్జి జరపటం. పౌనఃపున్యం బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది గనుక, ఒక తీగను రెండు స్వరస్థానాలు దించాలంటే దాని బిగువు సుమారు ఐదో వంతు తగ్గాలి. అదే రెండు స్వరస్థానాలు ఎక్కించాలంటే బిగువు పావు వంతుకు పైగా పెరగాలి. పాత తీగ తెగేది అక్కడే. కాపోతో ఈ బాధ లేదు. 65 సెంటీమీటర్ల తీగలో రెండో మెట్టు దాటి మోగే భాగం సుమారు 58 సెంటీమీటర్లు. బిగువు దాదాపు ఉన్నట్టే ఉంటుంది.

ఇంతకన్నా ముఖ్యమైన తేడా ఇంకొకటుంది. బిగువు మారిస్తే ఆ తీగ మీది ప్రతి మెట్టూ మారిపోతుంది. మామూలు శ్రుతిలో లావు తీగ మూడో మెట్టు జి. డాడ్‌గాడ్‌లో అదే మెట్టు ఎఫ్. రెండో తీగ మూడో మెట్టు మామూలుగా డి, డాడ్‌గాడ్‌లో సి. ఆర్నెల్లు వేళ్ళు కాయలు కాసి నేర్చుకున్న కార్డులు ఆ తీగల మీద చెల్లవు. మళ్ళీ ఓనమాలు దిద్దుకోవాలి. సగం కాపో పెడితే మాత్రం లావు తీగ మూడో మెట్టు జి గానే ఉంటుంది, రెండో తీగ మూడో మెట్టు డి గానే ఉంటుంది. మారింది ఉత్త తీగలు మాత్రమే. ఆ పైన స్వరాల చిరునామాలన్నీ ఎక్కడివక్కడే.

మాది వ్యవసాయ కుటుంబం గనుక నాకు తోచిన పోలిక చెబుతాను. ఒక మడికి నీళ్ళు ఎక్కాలంటే మా నాన్న చేనంతా తవ్వి వాలు మార్చడు. మడవ దగ్గర రెండు పారల మట్టి అడ్డం వేస్తాడు. పని అయ్యాక ఆ మట్టి తీసేస్తే కాలువ ఎప్పటిలాగే పారుతుంది. చేను వాలు మార్చవలసిన రోజు కూడా వస్తుంది, కాదనను. కాని ప్రతి తడికీ చేను తవ్వేవాణ్ణి మా ఊళ్ళో రైతనరు.

ఇక హాస్టలు సంగతికి వద్దాం. మా బ్లాకులో గిటారు ఒకటే. దాన్ని వాయించేవాళ్ళూ, వాయించటం నేర్చుకుంటున్నవాళ్ళూ కలిసి పదిమందికి తక్కువ లేరు. రాత్రి ఒకాయన శ్రుతి దించి హాయిగా వాయించుకుని పడుకుంటాడు. తెల్లారి ఇంకొకాయన ప్రాక్టీసుకు తీస్తే ఏ కార్డూ పలకదు. ఫోనులో ట్యూనరు పెట్టుకుని బిరడాలు బిగిస్తూపోతే నెలకోసారైనా తీగ తెగుతుంది. తెగిన తీగకు చందా ఎవరు వెయ్యాలన్న దాని మీద రూముకీ రూముకీ మాటలుండవు. సగం కాపో అయితే? వాయించుకున్నవాడు తీసి జేబులో వేసుకుంటాడు. గిటారు ఎవరి గిటారు వారికే.

శ్రుతి మార్చి వాయించటమే గొప్ప అనేవాళ్ళు ఒక సంగతి మర్చిపోతున్నారు. పెద్ద కళాకారులు స్టేజి మీద పాట పాటకూ బిరడాలు తిప్పుతూ కూర్చోరు. ఒక్కొక్క శ్రుతికి ఒక్కొక్క గిటారు సిద్ధంగా పెట్టుకుంటారు. ఇంట్లో రెండు మూడు గిటార్లున్నవాడికి శ్రుతి మార్పు ఒక సరదా. ఒక గిటారుకు పదిమంది ఉన్నచోట అది ఒకడి సరదా, తొమ్మిదిమంది ఇబ్బంది. కనుక ఏ పద్ధతి మేలు అన్నది సంగీతం ఒక్కటే తేల్చే ప్రశ్న కాదు. నీ దగ్గర గిటార్లు ఎన్ని, నీకు తీరిక ఎంత అన్నది కూడా ప్రశ్నే. నాట్లకూ కోతలకూ ఇంటికి వెళ్ళివచ్చే విద్యార్థికి వారానికి రెండు గంటలు చిక్కితే గొప్ప. నేర్చిందంతా పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టమంటే వాడు గిటారునే పక్కన పెడతాడు. అలా పక్కన పెట్టినవాళ్ళు నాకు తెలుసు.

పోనీ, సులువు కోసం చేసినదంతా మోసమేనా? అలా అయితే శ్రుతి మార్పుకు మాత్రం మినహాయింపు ఎందుకు? కెనడా గాయని జోనీ మిచెల్‌కు 1953లో, తొమ్మిదేళ్ళ వయసులో, పోలియో వచ్చింది. ఎడమచెయ్యి బలహీనపడింది. కష్టమైన కార్డులు పట్టలేకే ఆమె తీగల శ్రుతులు మార్చుకుంటూ పోయింది. ఆ సులువులోంచే ఎవరూ అంతకుముందు వినని స్వరమేళనాలు పుట్టాయి. ఆమెను దొడ్డిదారిన వచ్చిందని ఎవరన్నారు? మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ మాత్రం? జంట తీగల పాశ్చాత్య మాండలిన్‌ను ఐదు ఒంటి తీగలకు మార్చి, మన సంగీతానికి అనువుగా శ్రుతి చేసుకున్నారు. కర్ణాటక సంగీతానికి మాండలిన్ ఏమిటని మొదట సందేహించినవాళ్ళే తరువాత చేతులు జోడించారు. వాద్యాన్ని తన అవసరానికి మలుచుకోవటం కళాకారుడి హక్కు. ఆ హక్కు బిరడాకు ఉంటే బిగింపుకూ ఉంటుంది.

ఇలా అన్నంత మాత్రాన సగం కాపో సర్వరోగనివారిణి అని నేననను. కాపో శ్రుతిని ఎక్కించగలదే గాని దించలేదు. డాడ్‌గాడ్‌లో లావు తీగ ఇచ్చే ఆ లోతైన గంభీరనాదం కాపోకు రాదు. స్లైడు వాయించేవాళ్ళలో చాలామందికైతే శ్రుతి మార్పు కావాలి. వాళ్ళు తీగల మీద నడిపేది తిన్నని కడ్డీ. ఒకే గీత మీద అన్ని తీగల్నీ అది తాకుతుంది గనుక తీగలు వాటిలో అవి ముందే పొందిక కలిగి ఉండాలి. రై కూడర్‌తో కలిసి చేసిన ఆల్బమ్‌కు 1994లో గ్రామీ అందుకున్న విశ్వమోహన్ భట్ మోహనవీణ ఆ తోవలోదే.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ చెవికి సంబంధించింది. బిరడా తిప్పేవాడికి చెవి తెరుచుకుంటుంది, బిగింపు పెట్టేవాడికి తెరుచుకోదు అంటారు. ఇందులో నిజముంది. దానికి మందు కాపోను ఎగతాళి చెయ్యటం కాదు, చెవికి పని చెప్పటం. లావు తీగ ఐదో మెట్టు నొక్కి, ఆ స్వరానికి పక్క తీగను కలపాలి. అలాగే ఒక్కొక్కటీ కలుపుతూ రావాలి. మూడో తీగ నుంచి రెండో తీగకు వచ్చేటప్పుడు మాత్రం నాలుగో మెట్టు. ఫోను ట్యూనరు ముట్టకుండా ఈ పని చెయ్యగలిగినవాడు ఏ కాపో పెట్టుకున్నా వాడి చెవికి ఢోకా లేదు.

ఇక మన యూనియన్‌కు నావి మూడు మనవులు.

ఒకటి: హాస్టలు గిటార్లు ఎప్పుడూ మామూలు శ్రుతిలోనే ఉండాలి. బ్లాకుకు ఒక సగం కాపో, ఒక జత తీగలు యూనియన్ నిధి నుంచి కొనాలి. అందాకా మామూలు స్ప్రింగు కాపోతోనే మొదలుపెట్టవచ్చు. సన్న తీగల వైపు నుంచి దాన్ని రెండో మెట్టు దగ్గర తగిలించి లావు తీగ ఒక్కదాన్ని వదిలేస్తే, అడుగున సా నిండుగా మోగుతుంది. ఇది పైసా ఖర్చు లేని మొదటి పాఠం.

రెండు: ఒక అంతర కళాశాల పోటీలో కాపో పెట్టాడని మా మిత్రుడొకడికి మార్కులు కోశారు. శ్రుతి మార్చుకున్న ఇంకొకడు, ఆ మార్చుకోవటంలోనే తన ఐదు నిమిషాల్లో రెండు నిమిషాలు పోగొట్టుకున్నాడు. ఇద్దరికీ జరిగింది అన్యాయమే. మన పోటీల నియమావళిలో కాపోకు మార్కులు కొయ్యరాదనీ, శ్రుతి చేసుకునే సమయం వాయించే సమయంలో కలపరాదనీ స్పష్టంగా రాయాలి.

మూడు: ఏటా కప్పులూ షీల్డులూ బహూకరించే పూర్వ విద్యార్థులకు మనవి. షీల్డులు అలమరాలో బోలెడు ఉన్నాయి. ఈసారి ఇంకొక గిటారు ఇప్పించండి. అప్పుడు ఒకటి డాడ్‌గాడ్‌లో, ఒకటి మామూలు శ్రుతిలో ఉంచుకుంటాం. ఈ తగువు సగం దానంతట అదే తీరిపోతుంది.

అంతవరకూ, ఉన్న ఒక్క గిటారూ పదిమంది చేతుల్లో మోగాలంటే సగం కాపోకు మించిన స్నేహితుడు లేడని నా అభిప్రాయం. కాదనేవాళ్ళు వ్యాసం రాయనక్కరలేదు. సాయంత్రం ఆరు తరువాత మా బ్లాకుకు వచ్చి వాయించి వినిపించండి. గిటారు ఖాళీగా ఉంటే ఇస్తాం.