రేకుల గదికి రంగొక్కటే చాలదు

అమీర్‌పేటలో మా పాత కారు షెడ్డే నా ట్యూషన్ గది. డిసెంబరులో ఉదయం ఆరింటి బ్యాచ్ పిల్లలు స్వెట్టర్లలో ముడుచుకునే లెక్కలు చేసేవాళ్లు. ఇనప రేకు రాత్రంతా వేడిని ఆకాశానికి వదిలేసి, తెల్లారేసరికి బయటి గాలికన్నా చల్లబడుతుంది. దాని కింద హీటరు పెడితే కరెంటు మీటరు తిరగడమే మిగిలేది. చివరికి రేకుకింద జానెడు ఖాళీ ఉంచి జిప్సమ్ బోర్డు సీలింగు వేయించాను. థర్మోకోల్ చవకే గానీ నిప్పంటుకుంటుంది, పిల్లలున్నచోట వద్దన్నాను. షట్టరు అడుగున రబ్బరు పట్టీ కొట్టించాను. పై వెంటిలేటరు మాత్రం మూయలేదు, అంతమంది ఊపిరి బయటికి పోవాలిగా! హీటరు అటకెక్కింది.

తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, అంటే కప్పుకు తెల్ల రంగులాంటి పూతతో వేడి తగ్గించడం. మంచిదే. కానీ ఇళ్ల విషయంలో 600 చదరపు గజాలు, ఆపై స్థలాలకే అది తప్పనిసరి. పంజాగుట్ట సందుల్లో అంత జాగా ఎందరికుంది? పైగా తెల్ల రంగు ఎండను తిప్పికొడుతుంది గానీ చలికి అక్కరకు రాదు. సీలింగైతే మే నెలకూ, డిసెంబరుకూ పనికొస్తుంది. మేడమీద రేకుల గదులు అద్దెకిచ్చే హాస్టళ్ల యజమానులారా, రంగు డబ్బా కొనేముందు సీలింగు సంగతి చూడండి.