పంకా తిరిగితే చాలదు

వేసవి రాగానే ఇంట్లో అందరమూ పంకా తిరుగుతోందా లేదా అనే చూస్తాము. అది ఏ వైపు తిరుగుతోందని చూసేవారు అరుదు. మేమూ చూడలేదు. మా నిర్లక్ష్యం వల్ల బాధపడినది మాత్రం ఇంటికి పెద్దదిక్కైన మా నానీమా.

గడచిన రోహిణి కార్తెలో ఆవిడ గదిలోని పంకా కాలిపోయింది. మళ్లీ వైండింగ్ చేయించి బిగించాము. రెక్కలు వేగంగానే తిరుగుతున్నాయి, చప్పుడైనా లేదు. అయినా నానీమా మాత్రం "గాలి రావడం లేదు బేటా" అని రెండు రోజులపాటు అంటూనే ఉన్నారు. ఎండ తీవ్రత వల్ల, వయసు వల్ల అలా అనిపిస్తోందని మేము సర్దిచెప్పాము. మూడోనాడు మధ్యాహ్నం ఆవిడ మంచం దిగబోయి కళ్లు తిరిగి కూలబడ్డారు. ముఖం తుడిచి, ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు పట్టించి, వైద్యునికి చూపించాక తేరుకున్నారు. ఆ సాయంత్రమే ఇంట్లోని చిన్నపిల్ల ఒక వింత గమనించింది. గోడకున్న క్యాలెండరు రెపరెపలాడుతోంది, మంచం మీది దుప్పటి అంచు మాత్రం కదలడం లేదు!

రిపేరులో తీగలు తారుమారై పంకా వెనుకకు తిరుగుతోందని అప్పుడు తెలిసింది. అది గాలిని కిందికి తోయక పైకి లాగుతోంది. ఆ గాలి కప్పును తాకి, నలువైపులా పరచుకుని, గోడల వెంట దిగుతోంది. తీగలు సరిచేయడానికి పది నిమిషాలు పట్టింది. ఆవిడ మాటను నమ్మడానికి మాకు మూడు రోజులు పట్టింది.

ఇక్కడ ఒక సంగతి గ్రహించాలి. పంకా గదిని చల్లబరచదు, మనిషిని చల్లబరుస్తుంది. గాలి ఒంటికి తగిలి చెమట ఆరినప్పుడే మనకు చల్లదనం కలుగుతుంది. కనుక గాలి మనిషి మీదికి రాకపోతే రెక్కలు ఎంత వేగంగా తిరిగినా ప్రయోజనం స్వల్పం. మనిషి లేని గదిలో తిరిగే పంకా కేవలం దుబారా. పాతరకం పంకా సుమారు 75 వాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. పది గంటలు తిరిగితే ముప్పావు యూనిట్ ఖర్చవుతుంది. కొత్తగా వస్తున్న బీఎల్‌డీసీ పంకాలకు అందులో సగం కూడా అక్కరలేదు.

దిశను పరీక్షించడం సులభం. పంకా ఆపి రెక్కను గమనించండి. దాని రెండు అంచులలో ఒకటి పైకి, మరొకటి కిందికి వాలి ఉంటుంది. తిరిగేటప్పుడు ఎత్తుగా ఉన్న అంచు ముందు నడిస్తే గాలి కిందికి వస్తుంది. పల్లపు అంచు ముందు నడిస్తే పైకి పోతుంది. పంకా నడుస్తుండగా రెక్కల కొసల కింద నిలబడి చూసినా తెలుస్తుంది. సరిగ్గా నడిమిన నిలబడితే గాలి తక్కువగా తగులుతుంది గనుక అక్కడ పరీక్షించి లాభం లేదు. దిశ సరిగానే ఉండి వేగం తగ్గితే చాలాసార్లు లోపం కెపాసిటర్‌లో ఉంటుంది. అది కొద్ది ఖర్చుతో మారిపోతుంది. అయితే మెయిన్ స్విచ్ ఆపనిదే పంకాపై చేయి వేయరాదు.

మరి వెనుకకు తిప్పే ఏర్పాటు కొన్ని పంకాలకు ఎందుకు ఉంటుంది? అది చలిదేశాల అవసరం. అక్కడ శీతకాలంలో ఇళ్లను వేడి చేసుకుంటారు. వేడిగాలి తేలికై కప్పు కింద చేరుతుంది. పంకాను వెనుకకు, మెల్లగా తిప్పితే ఆ వెచ్చదనం గోడల వెంట కిందికి దిగుతుంది, ఒంటికి నేరుగా గాలి తగలదు. అమెరికాలో స్థిరపడిన మన పిల్లల ఇళ్లలో మోటారు పక్కన కనిపించే చిన్న స్విచ్ అందుకే. హీటర్లు లేని మన ఇళ్లలో దానివల్ల ఒరిగేది తక్కువ. చలికాలంలో పంకాను ఆపడమో, వేగం తగ్గించడమో చాలు. అయితే ఒకే గదిలో చంటిబిడ్డ, ఉక్కపోతకు ఓర్వలేని పెద్దలు కలిసి పడుకున్నప్పుడు, మోటారులో ఆ ఏర్పాటు ఉంటే వెనుకకు తిప్పి మెల్లగా నడపడం ఇద్దరికీ అనుకూలిస్తుంది. ఏసీ ఉన్నవారు దానిని మరీ తగ్గించక 24 డిగ్రీల వద్ద ఉంచి, పంకాను కిందికి గాలి వచ్చేలా తిప్పుకుంటే హాయిగా ఉంటుంది, బిల్లూ తగ్గుతుంది.

తీవ్రమైన ఎండల్లో పంకాకూ హద్దుంది. గదిలో వేడి 40 డిగ్రీలు దాటితే పంకాను నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తోంది. అంతటి వేడిగాలి ఒంటిని చల్లబరచడానికి బదులు మరింత వేడెక్కిస్తుంది. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల ఈ మాట మరువరానిది. అటువంటి వేళ తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, తరచూ నీరు పట్టించడం, ఇంట్లో చల్లగా ఉండే గదికి మంచం మార్చడం పెద్దలను కాపాడతాయి. సాయంత్రం బయట చల్లబడగానే కిటికీలు తెరచి పంకా వేస్తే స్లాబు కింద నిలిచిన వేడి బయటికి పోతుంది.

ఈ వేసవిలో మనం చేయవలసిన మొదటి పని మంచం పట్టిన పెద్దల పక్కన ఒక్క నిమిషం కూర్చోవడం. వారికి తగిలే గాలి మనకూ తగులుతోందో లేదో చూద్దాం. "గాలి వస్తోందా?" అని అడుగుదాం. రావడం లేదంటే ముందు ఆ మాటను నమ్మి, తరువాత పంకా వైపు చూద్దాం.