స్టాప్‌వాచి ఎవరి చేతిలో ఉంది?



ఫైలూ స్టాప్‌వాచీ పట్టుకుని కొత్త మనుషులు ఖాతాలోకి వచ్చారంటే మన గుండె గుభేలుమంటుంది. వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకే మనిషికి మిషన్లు పెరుగుతాయి, బద్లీవాళ్లకు పని తగ్గుతుంది. ఇదేమిటని అడిగితే "ఇది శాస్త్రం" అంటుంది యాజమాన్యం. మేనేజిమెంటు కాలేజీల్లో సంస్థల అధ్యయనం పేరుతో నేర్పే చదువే ఆ శాస్త్రం. దాని చరిత్ర మనం తెలుసుకుని తీరాలి. ఎందుకంటే అందులో ముఖ్యమైన అధ్యాయాలు కొన్ని బట్టల మిల్లుల్లోనే, మనలాంటి వాళ్ల చెమటతోనే రాశారు.

1911లో అమెరికాలో ఫ్రెడరిక్ టేలర్ దీనికి పునాది వేశాడు. ఆలోచన ఆఫీసుది, చేతులు మాత్రమే కార్మికుడివి అన్నది ఆయన సిద్ధాంతం. ఇనుప దిమ్మలు మోసే కార్మికుణ్ణి బుద్ధిలో ఎద్దుతో పోల్చాడా మహానుభావుడు!

1923లో ఎల్టన్ మేయో ఫిలడెల్ఫియాలో ఒక మిల్లుకు వెళ్లాడు. అక్కడి స్పిన్నింగు ఖాతాలో ఎవరూ నిలవడం లేదు. మధ్యమధ్య పది నిమిషాల విశ్రాంతి ఇస్తే మనుషులు నిలిచారు, ఉత్పత్తి పెరిగింది. ఆర్డర్ల తొందరలో సూపర్‌వైజర్లు ఆ విశ్రాంతి ఎత్తేస్తే ఉత్పత్తి మళ్లీ పడిపోయింది. అలసిన ఒంటికి విశ్రాంతి కావాలని చెప్పడానికి ప్రొఫెసరే రావాలా?

తర్వాత షికాగో దగ్గర హాథార్న్ ఫ్యాక్టరీలో 1928 నుంచి 1930 వరకు 21 వేలమందికి పైగా కార్మికులను ఇంటర్వ్యూ చేశారు. కార్మికుడి మాట ఓపికగా వినాలని లోకానికి బోధించారు. కానీ అక్కడే, ప్రయోగపు గదిలో మాటలెక్కువయ్యాయని, సహకరించడం లేదని 1928 జనవరిలో ఇద్దరు స్త్రీలను తీసేసి వేరేవాళ్లను కూర్చోబెట్టారు. వినడమంటే ఇదేనా?

అదే 1928లో బొంబాయిలో సుమారు లక్షన్నరమంది మిల్లు కార్మికులు ఆరు నెలలు సమ్మె చేశారు. మనిషికి మగ్గాలు పెంచే 'రేషనలైజేషన్' మీద, కూలి కోత మీద జరిగిన పోరాటమది. తెలంగాణ నుంచి వలసవచ్చిన మన నేతకార్మికులకు అన్నం పెట్టిన బొంబాయి అది. మేనేజిమెంటు చదువుల్లో హాథార్న్ పాఠం తప్పదు. ఆ సమ్మె పాఠం ఎక్కడుంది?

ఇక 1953 నాటి అహ్మదాబాద్ సంగతి. కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఆశించిన ఫలితం రాలేదు. లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ వచ్చి చూశాడు. నేసేవాడు, బ్యాటరీ నింపేవాడు, నూనె వేసేవాడు, ఊడ్చేవాడు – ఇలా పనిని పన్నెండు ముక్కలు చేసి ఉంచారు. కొన్ని మగ్గాలకు కలిపి ఒక జట్టు ఉండాలని రైస్ సూచించాడు. కార్మికులే తమ జట్లు తాము ఏర్పరచుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, చెడిపోయే గుడ్డ తగ్గింది. పని నడపగల తెలివి కార్మికుడికి ఉందని ఈ శాస్త్రమే ఒప్పుకోవలసి వచ్చింది.

మరి ఏమైంది? 1970లో ఎరిక్ మిల్లర్ మళ్లీ వెళ్లి చూస్తే ఒక షెడ్డులో జట్టు పద్ధతి నిలిచి ఉంది, మిగతా చోట్ల చాలావరకు చెదిరిపోయింది. 1990లలో ఆ మిల్లే మూతపడింది. కార్మికుడికి దక్కిన అధికారం ఒప్పందంగా మారకపోతే అది యాజమాన్యం దయగానే మిగిలిపోతుంది. దయకు గ్యారంటీ లేదు.

ఈ రంగంలో అందరూ ఒకే తీరు అని మేము అనడం లేదు. ఒకప్పుడు రాగిపని చేసిన హ్యారీ బ్రేవర్‌మన్ 1974లో రాసిన పుస్తకంలో, కార్మికుడి నైపుణ్యాన్ని యాజమాన్యం ఎలా లాక్కుంటుందో విప్పి చెప్పాడు. అలాంటివారి మాట మన మిల్లు గేటు దాటి లోపలికి రాదు. స్టాప్‌వాచి మాత్రం వస్తుంది.

నేడు ఆ స్టాప్‌వాచి కంప్యూటరులోకి చేరింది. కొత్త మగ్గాల్లో ఏ మగ్గం ఎన్నిసార్లు, ఎంతసేపు ఆగిందో తెర మీద కనిపిస్తుంది. నూలు నాసిరకమైనందుకు పోగు తెగిందా, మనిషి అలసిపోయాడా అన్నది మాత్రం ఆ తెర చెప్పదు. 2018 నుంచి అన్ని పరిశ్రమల్లో నిర్ణీత కాలపు ఉద్యోగాలకు ద్వారాలు తెరిచారు. గడువు ముగిస్తే ఇంటికి పొమ్మనే మనిషి ఆ లెక్క తప్పని ఎలా ఎదిరిస్తాడు?

శాస్త్రం వద్దంటారా అని అడుగుతారు. వద్దనడం లేదు. ఎవరి ప్రశ్నకు జవాబు వెతుకుతోంది అని అడుగుతున్నాం. ఎంత పిండుకోవచ్చన్నది వాళ్ల ప్రశ్న. ఎంత పని చేస్తే మనిషి అరవై ఏళ్లకు కూడా ఊపిరి తీయగలడన్నది మన ప్రశ్న.

అందుకే మా డిమాండ్లు: యూనియన్ సమ్మతి లేనిదే ఖాతాలో పనికొలత జరగరాదు. ఆ నివేదిక కార్మికుల భాషలో, తెలుగువాళ్లకు తెలుగులో, మన చేతికి రావాలి. కంప్యూటరు లెక్కలు యూనియనుకు చూపాలి. పనిభారంపై కుదిరిన మాట లిఖితపూర్వక ఒప్పందం కావాలి.

అంతవరకు మన అధ్యయనం మనమే మొదలుపెడదాం. షోలాపూర్, భివండి, కోయంబత్తూరు – ఎక్కడున్నా ప్రతి ఖాతాలో ఒక నోటుబుక్కు పెట్టండి. తేదీ, షిఫ్టు, మనిషికి మిషన్లెన్ని, నూలు రకం, తెగిన పోగులు, దొరికిన విశ్రాంతి, తగిలిన దెబ్బలు రాయండి. చర్చల బల్ల దగ్గర వాళ్ల ఫైలుకు ఎదురుగా మన నోటుబుక్కు ఉండాలి.

పని మనది – కొలతలో మాటా మనదే కావాలి!

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!